బండి నిండా సామాన్లే, చేతికి మాత్రం ఏదీ దొరకదు

ప్రశ్న: విజయవాడలో తొమ్మిదేళ్లుగా ఏసీ, ఫ్రిజ్ మెకానిక్‌గా పని చేస్తున్నాను. ఇన్నాళ్లూ బైకు మీదే తిరిగాను. ఈ సంక్రాంతికి సెకండ్ హ్యాండ్ టాటా ఏస్ కొన్నాను. వెనక ఐదడుగుల ఎత్తున మూసిన రేకు బాడీ ఉంది. నేనూ, నాతోపాటు ఒక కుర్రాడూ ఉంటాం. స్ప్లిట్ ఏసీల ఫిట్టింగు, సర్వీసు, ఇళ్లల్లో ఫ్రిజ్‌లు, షాపుల్లో డీప్ ఫ్రీజర్లు చేస్తాం. వేసవిలో రోజుకు ఆరేడు కాల్స్. బండి వచ్చాక పని తేలికవుతుందనుకుంటే ఉల్టా అయింది. అన్నీ బండిలోనే ఉంటాయి, ఏదీ దొరకదు. మూడో అంతస్తు నుంచి నాలుగేసి సార్లు దిగాల్సి వస్తోంది. కార్పెంటర్ రెండు పక్కలా ప్లైవుడ్ సొరుగులు చేస్తానంటున్నాడు. చేయించమంటారా? మూసిన బాడీలో గ్యాస్ సిలిండర్లు ఎండల్లో పెట్టొచ్చా? ఏయే స్పేర్లు బండిలో ఉంచుకోవాలి?

సమాధానం: సొరుగులు చేయించకండి. కనీసం ఈ వేసవి దాటేదాకా ఆగండి. ఎందుకో కింద చెబుతాం. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది.

బైకు మీద తిరిగినప్పుడు మీకు ఈ బాధ లేదు. ఒక్క సంచిలో పట్టేంతే తీసుకెళ్లాలి కాబట్టి ఏం పెట్టుకోవాలో ఇంట్లోనే ఆలోచించుకునేవారు. బండి వచ్చాక ‘ఎలాగూ బండిలో ఉంది కదా’ అనే ధీమా వచ్చింది. ఉత్త చేతులతో పైకెళ్లి, చూసి, ఒక్కొక్క దానికి కిందికి దిగుతున్నారు. అంటే పోతున్న టైము బండిలో వెతుకులాట దగ్గర కంటే మెట్ల మీదే ఎక్కువ. ఒక వారం పాటు చిన్న పుస్తకంలో రాయండి: ఏ కాల్‌కి ఎన్నిసార్లు దిగారు, దేనికోసం దిగారు. ఏడు రోజులయ్యాక చూస్తే అవే నాలుగైదు వస్తువులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మీ బండి ఎలా సర్దాలో ఆ జాబితాయే చెబుతుంది.

చాలామంది వస్తువులను జాతివారీగా సర్దుతారు. స్పానర్లన్నీ ఒక చోట, టేపులన్నీ ఒక చోట, గేజ్‌లన్నీ ఒక చోట. చూడ్డానికి హార్డ్‌వేర్ షాపులా అందంగా ఉంటుంది. కానీ మనం స్పానర్లు అమ్మడం లేదు. ఒక గ్యాస్ కాల్‌కి ఆరు అరల్లోంచి పదిహేను వస్తువులు ఏరుకోవాలి, అందులో ఒకటి మర్చిపోతాం. అందుకే పని వారీగా పెట్టెలు కట్టండి. ఒక పనికి కావాల్సినవన్నీ, అది పదిరూపాయల టేపు అయినా సరే, ఆ పెట్టెలోనే ఉండాలి. కొన్ని స్పానర్లు రెండు మూడు సెట్లు కొనాల్సి వస్తుంది. కొనండి. ఒక వేసవిలో మీరు దిగిన మెట్ల ముందు ఆ ఖర్చు లెక్కలోకి రాదు.

మీరు రాసిన పనులకు ఆరు పెట్టెలు చాలు.

మొదటిది చూసే సంచి. ఏ కాల్‌కైనా ముందు పైకెక్కేది ఇదొక్కటే. క్లాంప్ మీటరు, టెస్టరు, పొడవు పొట్టి స్క్రూడ్రైవర్లు, 10, 12 స్పానర్లు, అడ్జస్టబుల్ స్పానర్లు రెండు, సర్వీసు వాల్వుల అలెన్ కీలు, రెండు ప్రోబులున్న థర్మామీటరు, తల టార్చి, నోస్ ప్లయర్, ఇన్సులేషన్ టేపు, జిప్ టైలు, సబ్బునీళ్ల స్ప్రే సీసా. వీటితోపాటు రెండు కొనలకు వైర్లు కట్టిన హోల్డరులో ఒక 100 వాట్ల బల్బు. ఇన్వర్టర్ ఏసీ ఔట్‌డోర్ (బయట పెట్టే యూనిట్) బోర్డులో కరెంటు తీసేశాక కూడా 300 వోల్టులకు పైగా డీసీ నిలిచి ఉంటుంది. పది నిమిషాలు ఆగి, మీటరుతో చూసి, మిగిలి ఉంటే ఆ బల్బు మీదుగా దించి, మళ్లీ మీటరుతో సరిచూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. సంచి మొత్తం ఆరు కేజీలు దాటకూడదు. దాటితే కుర్రాడు దాన్ని బండిలోనే వదిలేసి, జేబులో టెస్టరు పెట్టుకుని ఎక్కేస్తాడు.

ఈ సంచిలో గ్యాస్ ఒత్తిడి చూసే గేజ్ సెట్ లేదు చూశారా? కావాలనే. చల్లదనం రావడం లేదనగానే గేజ్ తగిలించడం మనవాళ్లకు అలవాటైపోయింది. ఫిల్టరు, కాయిలు, ఫ్యాను, ఆంపియర్లు, లోపలికి వెళ్లే గాలికీ బయటికి వచ్చే గాలికీ ఉన్న తేడా చూశాక కూడా అనుమానం గ్యాస్ మీదే ఉంటే అప్పుడు గేజ్. తగిలించి తీసిన ప్రతిసారీ హోస్ నిండా గ్యాస్ పోతుంది. ఒక కేజీ కూడా పట్టని ఆర్32 (కొత్త ఏసీల గ్యాస్) మిషన్‌లో ఏటా అలా తగ్గుతూ పోతే అది చిన్న నష్టం కాదు. గేజ్ ఇంకో పెట్టెలో ఉంటే ఆ తొందరా కొంచెం తగ్గుతుంది.

రెండోది గ్యాస్ పెట్టె. గేజ్ సెట్, హోస్‌లు, పావు ఇంచి నుంచి 5/16కి మార్చే అడాప్టర్లు, వాల్వ్ కోర్ తీసే టూలు, కొత్త కోర్‌లు, గ్యాస్ తూచే కాటా, వాక్యూమ్ ఎంత దిగిందో చూపే మైక్రాన్ గేజ్. పైపుల్లోని గాలి, చెమ్మ లాగేసే వాక్యూమ్ పంపు పక్కనే వేరుగా, నిలబెట్టి. పంపును పడుకోబెడితే గాలి వదిలే మూతిలోంచి ఆయిల్ కారి పెట్టెంతా జిడ్డవుతుంది. మరునాడు తక్కువ ఆయిల్‌తో తిరిగితే వాక్యూమ్ 500 మైక్రాన్లకు దిగనే దిగదు. ఆయిల్ పాలలా తెల్లబడితే చెమ్మ పట్టిందని గుర్తు, అప్పుడే మార్చెయ్యాలి. కాబట్టి పంపు పక్కనే ఒక సీసా కొత్త ఆయిల్ ఉండాలి. పాత ఏసీల గ్యాస్ ఆర్22కి వాడే హోస్‌లు, ఆర్32, ఆర్410ఏకి వాడేవి, ఫ్రిజ్ గ్యాస్ ఆర్600ఏకి వాడేవి ఒకటి కాకూడదు. పాత మిషన్లలోని మినరల్ ఆయిల్ హోస్‌లో అంటుకుని కొత్త మిషన్‌లోకి పోతుంది. రంగు టేపు చుట్టి మూడు వేరు వేరు గుడ్డ సంచుల్లో పెట్టండి.

మూడోది నీళ్ల పెట్టె: జెట్ పంపు, పైపులు, సర్వీసు జాకెట్, బకెట్, బ్రష్‌లు, ప్లాస్టిక్ షీటు, పాత గుడ్డలు. ఇది ఎప్పుడూ తడిగా తిరిగి వస్తుంది కాబట్టి మిగతా వాటితో దీనికి పొత్తు కుదరదు. వెనక తలుపు దగ్గర, కింద చిల్లులున్న ప్లాస్టిక్ క్రేటులో, నేల మీదే పెట్టండి. కాయిల్ క్లీనర్ డబ్బా కూడా ఇక్కడే, అన్నిటికంటే కింద. పై అరలో పెడితే మూత వదులై కారిన రోజు కింద ఉన్న కాపర్, అల్యూమినియం, బోర్డులు అన్నీ పాడవుతాయి.

నాలుగోది ఫిట్టింగు పెట్టె: పైపు కట్టరు, రీమరు, పైపు మూతిని గరాటులా విప్పే (ఫ్లేరు చేసే) ఫ్లేరింగ్ టూలు, బెండరు, టార్క్ స్పానరు, లెవెల్, మేకులు, యాంకర్ బోల్టులు. డ్రిల్లు, గోడకు కన్నం వేసే కోర్ బిట్టు దానికి తోడు. పెట్టె మూత లోపలివైపు ఒక కాగితం అంటించి ఈ నాలుగు వరుసలు రాయండి: పావు ఇంచి నట్టు 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, 3/8కి 33 నుంచి 42, అర ఇంచికి 50 నుంచి 60, 5/8కి 63 నుంచి 75. కంపెనీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. చేతి అంచనాతో బిగిస్తే సన్న పైపు నట్టు అతిగా బిగిసి ఫ్లేరు చీలుతుంది, లావు పైపు నట్టు వదులుగా ఉండిపోతుంది. ఫ్లేర్ నట్లు కూడా కలపకండి. అర ఇంచి పైపుకు ఆర్22 నట్టు 24 మి.మీ. స్పానరుకు పడితే ఆర్410ఏ, ఆర్32 నట్టు 26కి పడుతుంది. 5/8లో 27, 29. మరలు ఒకటే కాబట్టి పాతది కొత్తదానికి ఎక్కేస్తుంది, కానీ పెద్ద ఫ్లేరు దాంట్లో సరిగ్గా కూర్చోదు. రెండు రకాలూ ఒకే డబ్బాలో కలిసి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తప్పు చెయ్యి పడుతుంది.

ఐదోది ఫ్రిజ్ పెట్టె: పించాఫ్ ప్లయర్, క్యాపిలరీ కట్టరు, చార్జింగ్ పైపులు, గ్యాస్‌లోని చెమ్మ పీల్చే ఫిల్టర్లు, రిలేలు, ఓవర్‌లోడ్‌లు, ఒక గ్రాము తేడా పట్టే చిన్న కాటా. ఆర్600ఏ ఫ్రిజ్‌లో పట్టేదే 50 గ్రాముల అటూ ఇటూ. పెద్ద కాటా పది గ్రాములు అటూ ఇటూ చూపిస్తే దాంట్లో ఐదో వంతు పోయినట్టే. ఆరోది వెల్డింగ్ కిట్టు. దీంతోపాటే మంట ఆర్పే సిలిండరు, తడి గుడ్డ, గోడకు అడ్డం పెట్టే ఫైర్ క్లాత్ కూడా పైకెళ్లాలి. ఆర్పే సిలిండరు బండిలో ఉండి మంట మూడో అంతస్తులో ఉంటే ఏం లాభం?

ఇక ఇవి బండిలో ఎక్కడ పెట్టాలంటే, ఏస్ తొట్టి లోపలి పొడవు 2.2 మీటర్లు, వెడల్పు మీటరున్నర లోపు. రెండు పక్కలా 40 సెంటీమీటర్ల లోతు అరలు వేస్తే మధ్యలో 60 సెంటీమీటర్ల దారి మిగులుతుంది. ఐదడుగుల ఎత్తులో నిటారుగా నిలబడలేరు కాబట్టి లోపలికి ఎక్కి వెతుక్కునే అరలు ఎన్ని వేసినా వృథా. నేల మీద నిలబడి చెయ్యి చాపితే అందేదే మీకు పనికొచ్చే చోటు. అందుకని ఎడమ పక్క రేకుకు ఒక తలుపు కోయించండి. మన రోడ్ల మీద బండి ఎడమకే ఆపుతాం, ఫుట్‌పాత్ అటే ఉంటుంది. ఏలూరు రోడ్డులోనో బందరు రోడ్డులోనో సాయంత్రం పూట కుడి పక్క తలుపు తీసి నిలబడితే మీ వీపు వెనకే ఆటోలు పోతుంటాయి. చూసే సంచి, గ్యాస్ పెట్టె, స్పేర్ల డబ్బాలు ఎడమ తలుపు దగ్గర నడుమెత్తులో. ఫిట్టింగు పెట్టె, కాపర్ చుట్టలు, వైర్లు వెనక తలుపు నుంచి అందేలా కుడివైపు. వారానికి ఒకసారి తీసేవి క్యాబిన్ గోడ వైపు లోపలికి. తలుపు కోసే ముందు ఆటోనగర్‌లో బాడీ కట్టేవాళ్లతో మాట్లాడండి. నిలువు పట్టీ ఎక్కడుందో చూడకుండా రేకు కోస్తే బాడీ ఊగుతుంది. ఇంకో సంగతి: బాడీలో పెద్ద మార్పులను ఆర్టీవో అనుమతితో ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. మీకు అమ్మినాయన మూసిన బాడీని ఆర్‌సీలో ఎక్కించాడో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి.

అరలకు 25 మి.మీ. స్క్వేర్ ట్యూబ్ ఫ్రేము, మీద 12 మి.మీ. ప్లైవుడ్, ముందు అంచుకు రెండంగుళాల అడ్డపట్టీ. సామాన్లన్నీ 60x40 సెంటీమీటర్ల ప్లాస్టిక్ క్రేట్లలో. పండ్ల మార్కెట్‌లో వాడే రకమే. సొరుగులు వద్దన్నది ఇందుకే. ఇంటి అల్మారాలకు వేసే చానళ్లు గోతుల రోడ్ల మీద కుదుపులకు ఆగవు. కొన్ని నెలల్లో బాల్స్ రాలిపోతాయి, బ్రేకు వేసినప్పుడల్లా సొరుగు జారి బయటికొస్తుంది. బరువు కూడా చూడండి. ఎనిమిదికి నాలుగు 12 మి.మీ. ప్లైవుడ్ షీటు ఒక్కటే 20 కేజీల పైమాట. రెండు పక్కలా సొరుగులంటే ఐదారు షీట్లు, అంటే సామాను ఎక్కకముందే 120 కేజీలు. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మీరు మోయగలిగింది తెలుస్తుంది. అందులో మూసిన బాడీ బరువు, మీ ఇద్దరి బరువు కూడా పోవాలి. రెండు ఔట్‌డోర్లు, ఒక డీప్ ఫ్రీజరు వేసుకున్న రోజున ఆ 120 కేజీలు గుర్తొస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, సొరుగును పైకి మోసుకెళ్లలేరు. క్రేటును మోసుకెళ్లొచ్చు.

సిలిండర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

మూసిన బాడీలో పెట్టొచ్చు, కానీ ఆ బాడీ కింది నుంచి గాలి పీల్చుకునేలా ఉండాలి. మీ బాడీ లోపల ఖాళీ దాదాపు 4.8 ఘనపు మీటర్లు. ఆర్600ఏ గాలిలో ఒక ఘనపు మీటరుకు 43 గ్రాములు కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. అంటే మీ బాడీ మొత్తానికి 205 గ్రాములు. మనం కొనే చిన్న క్యాను ఒక్కదాంట్లోనే 420 గ్రాములుంటుంది. ఆర్290 (ప్రొపేన్) అయితే 180 గ్రాములు చాలు. ఆర్32 అంత తొందరగా అంటుకోదు, దానికి కేజీన్నర దాకా కావాలి. ఈ లెక్క కూడా గ్యాస్ బాడీ అంతా సమంగా పరుచుకుంటేనే. నిజానికి ఇవన్నీ గాలికంటే బరువు, వెల్డింగ్ కిట్టులోని ఎల్పీజీ కూడా అంతే. నేల దగ్గరే మడుగు కడతాయి కాబట్టి కింది పొరలో ఇంకా తక్కువ గ్యాస్‌తోనే ప్రమాదం. రాత్రంతా క్యాను మూతి దగ్గర సన్నగా కారి, పొద్దున్నే తలుపు తీసి లోపల లైటు స్విచ్చి వేస్తే ఆ రవ్వ చాలు.

కాబట్టి నేలను ఆనుకుని ఎడమ, కుడి రేకులకు ఎదురెదురుగా 20x15 సెంటీమీటర్ల కిటికీలు కోయించి, జాలీ కొట్టించి, వాన పడకుండా బయట రేకు మూత వేయించండి. సైలెన్సర్ పొగ లోపలికి వచ్చే చోట వద్దు. పైన కప్పు దగ్గర ఇంకొకటి. కింది కిటికీలకు అడ్డంగా క్రేట్లు పెడితే అవి ఉన్నా లేనట్టే. లైటు స్విచ్చి, డ్రిల్లు బ్యాటరీ చార్జరు, ఇన్వర్టర్ లాంటివేవీ వెనక బాడీలో పెట్టకండి. పొద్దున తలుపులు తీసి ఐదు నిమిషాలు వదిలేశాకే పని మొదలుపెట్టండి. క్యాబిన్‌కీ బాడీకీ మధ్య కన్నాలుంటే రేకుతో మూసెయ్యండి. ఆర్32 కారినా నైట్రోజన్ కారినా డ్రైవరు ఊపిరి తీసుకునే గాలిలోకి రాకూడదు.

ఇక ఎండ. సిలిండరు 52 డిగ్రీలు దాటకూడదన్నది రిఫ్రిజిరెంట్ వ్యాపారమంతా పాటించే హద్దు. మే నెలలో ఎండ ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం బెజవాడలో నీడలోనే 44, 45 దాకా పోతుంది. ఎండలో ఆపిన రేకు పెట్టె లోపల సంగతి వేరే చెప్పాలా? ఆర్32 సిలిండరు 25 డిగ్రీల దగ్గర గేజ్ మీద 230 పీఎస్ఐ ఒత్తిడి చూపిస్తే, 50 డిగ్రీలకు 440, 60 డిగ్రీలకు 555 దాటుతుంది. కప్పు మీద తెల్ల రంగు వేయించండి, కప్పు లోపల థర్మాకోల్ కాకుండా గాలి ఆడే జాగా వదిలి రెండో రేకు కొట్టించండి, బండిని నీడన ఆపండి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్తే సిలిండర్లు దించి నీడన పెట్టండి.

కంపెనీ నింపిన సిలిండరు ఈ వేడికి వెంటనే పేలిపోదు. భయమంతా మనం ఒంపుకున్న చిన్న సిలిండర్లతోనే. ద్రవం వేడికి ఉబ్బుతుంది. లోపల ఆవిరికి జాగా ఉన్నంతసేపు పర్వాలేదు. ద్రవమే నిండిపోయాక ఒక్కో డిగ్రీకి ఒత్తిడి విపరీతంగా ఎగబాకుతుంది. అందుకే ఎప్పుడూ నీళ్ల కొలతలో (సిలిండరులో ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయో అందులో) 80 శాతం దాటి నింపకూడదు. ఐదు లీటర్ల సిలిండరు తీసుకోండి. ఆర్22 లీటరుకు 1.19 కేజీలు తూగుతుంది కాబట్టి 4.7 కేజీల దాకా పట్టించొచ్చు. ఆర్32 లీటరుకు 0.96 కేజీలే. అదే సిలిండరులో దానికి హద్దు 3.8 కేజీలు. పాత అలవాటు ప్రకారం నాలుగున్నర కేజీలు ఒంపితే లోపల 94 శాతం ద్రవమే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏమీ కాదు, మధ్యాహ్నం దాటాక దాని పక్కన ఎవరూ ఉండకూడదు. పైగా ఆర్22 సిలిండరు ఆర్32 ఒత్తిడికి చేసింది కాదు. ఆ పని అసలే వద్దు. ఆర్32కి చేసిన సిలిండరే కొనండి. మెడ మీద కొట్టిన టెస్టు తేదీ చూడండి, ఖాళీ బరువు పెయింటుతో పెద్ద అంకెల్లో రాయండి. ప్రతి సోమవారం తూచి మాస్కింగ్ టేపు మీద ఆ రోజు బరువు రాస్తే రెండు లాభాలు: గ్యాస్ ఎంత మిగిలిందో తెలుస్తుంది, వాడకుండానే తగ్గితే కారుతోందనీ తెలుస్తుంది.

నైట్రోజన్‌కు పెద్ద సిలిండరు షాపులోనే ఉంచి, బండిలో 10 లీటర్లది పెట్టుకోండి. అది చాలదని భయపడకండి. 150 బార్ ఒత్తిడితో నిండుగా ఉంటే 1,500 లీటర్ల గ్యాస్. లోపల మూడు లీటర్ల ఖాళీ ఉన్న స్ప్లిట్‌ను 30 బార్‌కు, అంటే 435 పీఎస్ఐకి, టెస్టు చేస్తే పోయేది 90 లీటర్లు. సిలిండరే 30 బార్‌కు దిగిపోయేలోపు పదమూడు టెస్టులొస్తాయి. వెల్డింగ్ చేసేటప్పుడు పైపులోంచి వదిలేది దీంట్లోంచే కాబట్టి పది అనుకోండి. కదిలే బండిలో రెగ్యులేటరు బిగించి ఉంచడమే అందరూ చేసే తప్పు. సిలిండరు దొర్లి రెగ్యులేటరు తగిలి వాల్వు మెడ విరిగితే, 150 బార్‌తో ఆ సిలిండరు రాకెట్‌లా దూసుకుపోతుంది. పని అవ్వగానే రెగ్యులేటరు విప్పి డబ్బాలో, వాల్వుకు మూత. సిలిండర్లన్నీ వెనక తలుపు నుంచి ఒక అడుగు లోపలికి, ఎడమ మూలలో, కింద మూడో వంతు దగ్గర ఒక బెల్టు, పైన మూడో వంతు దగ్గర ఒక బెల్టు. తాడు కాదు, లారీలకు వాడే రాచెట్ బెల్టు. ఆర్32, ఎల్పీజీ నిలబెట్టే ఉండాలి. పడుకోబెడితే సేఫ్టీ వాల్వు దగ్గర ఆవిరికి బదులు ద్రవం ఉంటుంది. ఆక్సిజన్ సిలిండరు మూతికి జిడ్డు చేతులు తగలనివ్వకండి. నైట్రోజన్ అయిపోయింది కదా అని ఆక్సిజన్‌తో ప్రెషర్ టెస్టు ఎప్పటికీ వద్దు. కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి పేలుతుంది. బండి ఇంకో కాల్‌లో ఉన్నప్పుడు కుర్రాడు సిలిండరును బైకు మీద తెస్తుంటే అదీ మాన్పించండి. నిండు సిలిండర్లు రెండు చక్రాల బండి మీద తీసుకెళ్లకూడదని గ్యాస్ సిలిండర్ల నిబంధనల్లోనే ఉంది.

స్పేర్లకు మా లెక్క సులువు: గత రెండు నెలల బిల్లులు తీసి చూడండి. నెలకు రెండుసార్లు వాడినది బండిలో ఉండాలి, మిగతాది షాపులో. ఎలా లెక్కేసినా ఇవి మాత్రం తప్పకుండా తేలతాయి: 440 వోల్టుల కెపాసిటర్లు కంప్రెసర్‌కు 36, 45, 50 మైక్రోఫారడ్లు, ఫ్యానుకు 2.5, 4, 6, ఒక్కొక్కటి రెండేసి. సెన్సర్లు 5, 10, 15, 20, 50 కిలో ఓమ్స్, గది గాలి చూసేది ఒకటి, పైపుకు పెట్టేది ఒకటి. ఫ్రిజ్‌లకు పీటీసీ రిలేలు, కంప్రెసర్ హెచ్‌పీని బట్టి ఓవర్‌లోడ్‌లు, ఫ్రాస్ట్ ఫ్రీకి బైమెటల్, టైమరు. ఇన్వర్టర్ బోర్డులు మాత్రం కొని పెట్టుకోకండి. మోడల్‌కొకటి, డబ్బంతా అక్కడే ఇరుక్కుంటుంది. ఫిల్టర్లు కంపెనీ ప్యాకింగ్ విప్పకుండా ఉంచండి. మూత ఊడిన ఫిల్టరు రెండు రోజులు బండిలో తిరిగితే, మిషన్‌లో పీల్చాల్సిన చెమ్మ ముందే గాలిలోంచి పీల్చేసి ఉంటుంది. కొత్త గ్యాస్‌ల కంప్రెసర్లలో పోసే పీవోఈ ఆయిల్ డబ్బా మూత తీసినా అంతే. పెద్ద డబ్బా చవకని కొనకండి. విడి కంప్రెసరు నిలబెట్టి, పైపులకు రబ్బరు బిరడాలు ఉంచి, క్యాబిన్ గోడకు ఆనించి బెల్టు వేయండి.

ఊడదీసిన పాత స్పేర్లకు ఒక ఎర్ర క్రేటు కేటాయించండి. పోయిన కెపాసిటరు కస్టమరుకు చూపించి అలాగే సంచిలో పడేస్తే, పది రోజులకు అది మంచివాటిలో కలుస్తుంది. ఎవరింట్లోనో బిగిస్తారు, కంప్రెసరు ఎత్తుకోదు, ఇక తప్పంతా కంప్రెసర్ మీదకు పోతుంది. విప్పగానే మార్కరుతో అడ్డగీత కొట్టి, వైరు కత్తిరించి ఎర్ర క్రేటులో వేయడం కుర్రాడికి అలవాటు చేయండి.

కొన్ని చిన్న విషయాలు. గ్యాస్ కాటా కుదుపులకు అంకె తప్పుతుంది. స్పాంజి పెట్టెలో, దాని మీద ఏదీ పెట్టకుండా ఉంచి, వారానికోసారి సీలు తీయని కేజీ ఉప్పు ప్యాకెట్ పెట్టి చూడండి. టార్క్ స్పానరును అతి తక్కువ అంకెకు తిప్పి దాచాలి, లేకపోతే స్ప్రింగు అలసిపోతుంది. వెల్డింగ్ రాడ్లకు రెండు వైపులా మూతలున్న అంగుళం పీవీసీ పైపు, పొడవు డ్రెయిన్ పైపులకు కప్పు కింద నాలుగంగుళాల పీవీసీ పైపు. కత్తిరించిన కాపర్ చుట్ట కొన నొక్కి టేపు వేయకుండా అరలోకి పోకూడదు. నిచ్చెన కప్పు మీద, రెండు బిగింపులు, ఒక తాళం. కొత్తది కొంటే అల్యూమినియం కాకుండా ఫైబరుది తీసుకోండి. ఔట్‌డోర్లు పెట్టే గోడల పక్కనే కరెంటు తీగలు పోతుంటాయి. సాయంత్రం బండి ఆపాక పావుగంట: క్రేటు మూతకు అంటించిన జాబితా చూస్తూ తగ్గినవి నింపడం, తడివి ఆరబెట్టడం, బ్యాటరీలు, కాపర్, గేజ్‌లు ఇంట్లోకి తీసుకెళ్లడం. రాత్రి రోడ్డు మీద ఆపిన బండిలో కాపర్ చుట్ట ఉందని దొంగకు మీరు చెప్పక్కర్లేదు.

కార్పెంటర్‌కు ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకండి. ఇరవై క్రేట్లు కొని, అరలు లేకుండానే బండి నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, బెల్టులతో కట్టి రెండు వారాలు తిరగండి. ఏ క్రేటు రోజూ తలుపు దగ్గరికి జరుగుతోందో, ఏది క్యాబిన్ గోడ దగ్గరే దుమ్ము పట్టిందో కనిపిస్తుంది. దుమ్ము పట్టినవి దించెయ్యండి. మిగిలిన వాటి కొలతలు తీసుకుని, పెన్నుతో బొమ్మ గీసి, కార్పెంటర్ దగ్గరికి కాకుండా ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఎడమ తలుపు, కింది కిటికీలు, అరల ఫ్రేము మూడూ ఒకేసారి చేయించుకుంటే బండి రెండు రోజులే పని ఆపుతుంది. ఆ రెండు రోజులూ ఏప్రిల్‌కు ముందే పడేలా చూసుకోండి.